చుక్కల్లో ఎత్తిన చెయ్యి

ఆకాశం చేయడం సులువు. కంప్యూటర్‌లో నల్లటి కొత్త ఫైలు తెరిచి, దాని మీద ఇసుక చల్లినట్టు రజను పరిచే మీట ఒకటి నొక్కాలి. తెర నిండా బూడిదరంగు రేణువులు పడతాయి. వాటిని కాస్త మసకబరిచి, వెలుగుకూ చీకటికీ మధ్య తేడా పెంచుకుంటూ పోతే బలంలేనివన్నీ నలుపులో కలిసిపోతాయి. నిలిచినవే నక్షత్రాలు. మా తాలూకాలో పదేళ్ల కరువులో చాలా ఇళ్లు ఇట్లాగే కలిసిపోయాయి కాబట్టి ఈ పద్ధతి నాకు ఎవరూ రెండోసారి చెప్పనక్కర లేకపోయింది. నిలిచినవాటిలో మా ఇల్లు లేదు.

తొంభైలు ముగుస్తున్న రోజులవి. కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే మా పావగడలో, బస్టాండుకు దగ్గర్లో ఒక ఫోటో స్టూడియో ఉండేది. యజమాని అప్పుడే ఒక కంప్యూటరూ స్కానరూ కొని, వాటి కోసం వెనకవైపు అద్దాల గది కట్టించాడు. బెంగళూరులో ఆరు నెలలు ఆ పని నేర్చుకుని వచ్చిన నేను ఆ గదిలో కూర్చునేవాణ్ని. పనివాడినే. అయినా మా అమ్మ ఊళ్లో ఎవరడిగినా "మావాడు స్టూడియో చూసుకుంటాండాడు" అని చెప్పేది. నేనూ అట్లాగే నడుచుకున్నాను. రోజూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకునేవాణ్ని. గిరాకీ లోపలికి వస్తే కుర్చీలోంచి లేచేవాణ్ని కాదు. యజమాని మంచివాడు, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

మాది నాగలమడిక వైపు పల్లె. మా తాత ఆ ఊరి పటేలు. రాగి, జొన్న, కొర్ర పండే నేలనంతా మా నాయన కాలానికి వేరుశనగకే తిప్పేశారు. నాలుగు వానలు సరిగా పడిన ఏడాది బండ్లకొద్దీ కాయలు తోలేవాళ్లం. పడని ఏళ్లు ఎక్కువయ్యాయి. బావిలో బోరు వేశారు, బోరు పక్కన బోరు వేశారు. చివరికి రాతి పొడి తప్ప ఏమీ రాలేదు. ఆ పొడి చాలా రోజులు చేను గట్ల మీద తెల్లగా కుప్పలుగా ఉండేది. మిగిలింది ఒక మిద్దె, చిన్న చెక్కంత చేను, గోడ మీద మా తాత పటం.

స్టూడియోకు వచ్చే పనిలో సగం చనిపోయినవాళ్లది. ఏడాది దినానికో, పదకొండో దినానికో కుర్చీలో పెట్టి పూలదండ వేయడానికి పటం కావాలి. మనిషిని పాత ఫోటోలోంచి వేరుచేసి వెనక ఏదైనా బొమ్మ పెట్టాలి. కొందరికి మంచు కొండలు, కొందరికి మేఘాలు. నేను వచ్చాక నక్షత్రాలు కూడా చేర్చాను. నీలం, ఊదా, కాస్త ఎరుపు కలిపి మెత్తటి కుంచెతో పలచగా, ఒక దాని మీద ఒకటి పొరలుగా వేస్తే ఆకాశంలో పొగ లేచినట్టుంటుంది. అక్కడక్కడా చేత్తో పెద్ద చుక్కలు పెట్టాలి. ఒక మూల గుండ్రంగా గ్రహం గీసి, ఒకవైపు వెలుగు, రెండోవైపు చీకటి దిద్దాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ప్రతి పదినిమిషాలకూ చేసినంత పనిని ఫైలులో దాచుకోవాలి. ఆ ఆకాశాలు నాకు బాగా వచ్చేవి. చిన్నప్పటినుంచి చూసినవే కదా. మబ్బు పట్టని ఊళ్లో పెరిగినవాడికి చుక్కలు ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

ఒకరోజు పొద్దున మా తాలూకాలో వేరుశనగ కాయలు ఒలిచే మిషను పెట్టిన ఆయన వచ్చాడు. చెప్పులు గది బయట విప్పాలని అద్దం మీద రాసి ఉంది. ఆయన చెప్పులతోనే వచ్చి నా పక్కన బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఏమప్పా, బాగుండావా? మా నాయనకు ఏడాది దినం వస్తాండాది. పటం ఒకటి చేసియ్యల్ల" అన్నాడు.

వాళ్ల నాయన మా ఇంట్లో ముప్పై ఏళ్లు జీతం చేసిన మనిషి. మా నాయన కంటే వయసులో పెద్ద. అయినా మా ఇంట్లో మాటలు సరిగా రాని పిల్లలు కూడా ఆయన్ని ఒరే అని పిలిచేవాళ్లు. నేనూ పిలిచాను. ఆ ఇంటి మనిషి ఎవరైనా నన్ను సామీ అనాలి. ఈయన అప్పా అన్నాడు. ఆ మాట చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

ఫోటో తెచ్చినావా అని అడిగాను.

"మా ఇంట్లో యాడుంటాదప్పా? ఓటు కార్డులో ఉండేది మా నాయనో, కాలిన రొట్టో తెలీదు. ఉండే పటమంతా మీ ఇంట్లోనే ఉండాది. మీ తాత పక్కన."

నాకు అర్థమైంది. చెయ్యనని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పని మీద ప్రేమ అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడైతే నిజం రాస్తాను. ఆయనకు మిషనుంది, మోటారు సైకిలుంది, మా నేలలో కొంత ఆయన పేరు మీదే ఉంది. కానీ వాళ్ల నాయన ముఖం మాత్రం మా గోడ మీద తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. దానికోసం ఆయన నా దగ్గరికి రావలసి వచ్చింది. అది నాకు తియ్యగా ఉండింది.

ఇంటికి పోయి పటం దింపుతుంటే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఎందుకని అడిగింది. చెప్పాను.

"ఆ పటంలో మీ తాత గదా ఉండేది. ఇంకెవరుండారు?" అంది.

ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన నాటినుంచి ఆమె రోజూ దాని మీద దుమ్ము తుడిచిన మనిషి. వేలితో చూపించాను. మా తాత కళ్లం మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నెత్తి మీద పెద్ద నల్ల గొడుగు. గొడుగు కర్ర పట్టుకున్న చెయ్యి పక్కనుంచి పైకి లేచి ఉంది. ఆ చెయ్యి వెంట చూస్తూ పోతే పటం అంచున ఒక మనిషి. ఒక కాలు చట్రం బయటికి పోయింది. నీడంతా మా తాత మీద పడింది, గొడుగు పట్టిన మనిషి ఎండలో నిలబడి కళ్లు చికిలించుకుని ఉన్నాడు.

"ఔ, వీడుండాడే" అంది మా అమ్మ. కాసేపు చూసి, పటం మాత్రం వాళ్ల చేతికి ఇవ్వొద్దని, నేనే దగ్గరుండి పని చూసుకుని మళ్లీ తెచ్చి తగిలించమని చెప్పింది.

స్కానర్ మీద పెట్టి తెరమీదికి తెచ్చాక చూస్తే ఫోటో నిండా తెల్లటి మచ్చలు. బూజు తిన్న చోట్లు. వాటిని ఒక్కొక్కటే చెరిపాను. ఒక కిటికీలో తెల్లచుక్కలు చెరుపుతూ, ఇంకో కిటికీలో తెల్లచుక్కలు పెడుతూ రెండు రోజులు గడిపాను. తర్వాత మౌసుతో చుక్క చుక్కగా గీటు గీసుకుంటూ ఆయన్ని మా తాత పక్కనుంచి వేరుచేశాను. భుజం మీది తుండు, మోకాలి పైకి కట్టిన పంచె, మెడలో తాయెత్తు. చట్రం బయటికి పోయిన కాలికి రెండో కాలినే తిప్పి అతికించాను. గొడుగు గుడ్డ చెరిపాను. కర్ర చెరిపాను. పిడికిట్లో ఇరుక్కున్న కాస్త కర్ర ముక్కను చర్మం రంగుతో కప్పాను. చెయ్యి అట్లాగే మిగిలింది. భుజంనుంచి పైకి లేచి, మోచేయి కొంచెం వంగి, మూసిన పిడికిలితో.

తీసుకెళ్లి ఆకాశంలో నిలబెట్టాను. నల్లటి శూన్యంలో ఎండకు కళ్లు చికిలించే మనిషి వింతగా ఉన్నాడు. ఆ ఎండ ఎక్కడిదో చూపించాలి కదా. ఆయన ముఖం మీద వెలుగు కుడివైపునుంచి పడింది కాబట్టి గ్రహానికి కూడా కుడివైపే వెలుగు దిద్దాను. ఆయన వెనకగా కొంచెం ఎత్తులో పెట్టి, దాని చుట్టూ పలచటి వలయాలు గీశాను. వలయం నీడ గ్రహం మీద సన్నటి గీతగా పడేట్టు చేయడానికి ఒక పూట పట్టింది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ అంత మంచి గ్రహం నేను చేయలేదు.

చూడ్డానికి మిషను ఆయన తన తల్లిని కూడా వెంటబెట్టుకు వచ్చాడు. ముసలామె చెప్పులు బయటే విప్పింది. మా ఇంటి వాకిట్లో విత్తనాల కాయలు ఒలిచే కూలి ఆడవాళ్లలో ఆమె ఎప్పుడూ మొదటి వరసలో ఉండేది. కొంగు నిండా కప్పుకుని నా కుర్చీ వెనక నిలబడింది. కూర్చోమని నేను అనలేదు. అక్కడ రెండో కుర్చీ ఉంది.

తెర వెలిగింది. ఆయన వంగి తెరంతా చూశాడు. తర్వాత గ్రహం వైపు చూపించాడు.

"అదేందప్పా ఆ ఉంగరం? శనిదేవుడా?"

అవునన్నాను. గ్రహాలన్నిట్లో అందమైనది అదే అని కూడా చెప్పాను. ఆయన నవ్వాడు.

"అందముంటే గుళ్లో ఉండనీప్పా. మా నాయన నెత్తిన యాల? బతికినన్నాళ్లు ఉండింది చాల్దా?"

తప్పు నాదే. శనివారం శనివారం ఎక్కడెక్కడినుంచో బస్సుల్లో జనం ఆ శనిదేవుడి గుడికే పావగడకు వస్తారు. నల్ల నువ్వులు, నూనె, దండాలు అన్నీ గుళ్లోనే. ఆ దేవుడి బొమ్మ ఇంటి గోడకు ఎవరూ పెట్టుకోరు. అట్లాంటి ఊళ్లో కూర్చుని నేను దాన్ని చచ్చిపోయిన మనిషి తల వెనక పెట్టాను. చదువుకున్న పుస్తకంలో అది వట్టి గ్రహం కాబట్టి నాకు తోచనే లేదు. వలయాలు విడి పొరలో ఉన్నాయి. ఆ పొర పక్కన ఒక చోట నొక్కాను. మాయమయ్యాయి.

"అంత సులువుగా పోయిందే" అంది ముసలామె. అప్పటిదాకా మాట్లాడనిది ఒక అడుగు ముందుకు వచ్చింది. తెరమీద చెయ్యి దగ్గర వేలు పెట్టబోయి, తాకొచ్చో కూడదో అని ఆపుకుంది.

"సామీ, ఈ చెయ్యి కూడా దించరాదా?"

నేను అర్థం కానట్టు చూశాను.

"గొడుగు తీసేసినావు గదా. ఇంక యాల ఎత్తుకోనుండల్ల? దించు సామీ. ఆడన్నా దించుకోనీ."

తర్వాత నెమ్మదిగా, ఎవరి మీదా నేరం పెట్టకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయనకు ఆ కుడి భుజం పోయిందట. ఏళ్లతరబడి సాయంత్రాలు ఉప్పు మూట వేడిచేసి ఆమె కాపడం పెట్టేదట. పోయే ముందు రెండేళ్లు ఆ చేత్తో ముద్ద కూడా నోటిదాకా ఎత్తలేకపోయాడట. తినిపించింది ఆమే.

ఆమె అడిగింది దిద్దగలిగిన పనే. కష్టం, కానీ అయ్యే పనే. భుజం దగ్గర కత్తిరించి, కిందికి వేలాడే చెయ్యి ఒకటి తెచ్చి అతికించాలి. నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"అది ఫోటోలో ఎట్లుంటే అట్లే వస్తాదవ్వా. కంప్యూటర్‌తో కాదు."

"మిషనుకు చేతకాకపోతే నువ్వేం చేస్తావులే సామీ" అంది ఆమె.

కొడుకు సర్దిచెప్పాడు. ఏం పర్వాలేదని, చూసేవాళ్లకు ఆశీర్వాదం ఇస్తున్నట్టు ఉంటుందని, ఇంకా బాగుందని. రంగుల ప్రింటు తెప్పించమని చెప్పి తల్లిని తీసుకుని వెళ్లాడు. రెండో కుర్చీ ఖాళీగానే ఉంది.

ఎందుకు అబద్ధం చెప్పానో చాలాకాలం నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. పని ఎక్కువ అని, ప్రింటుకు పంపే బస్సు వేళ మించిపోతుందని. అసలు సంగతి ఆమె గొంతులో కోపం లేకపోవడం. కోపం ఉంటే బదులు చెప్పడం మా ఇంట్లో అందరికీ వచ్చు. మా తాత ఎన్నడూ గొడుగు పట్టమని నోరుతెరిచి అడిగిన మనిషి కాడు. అది గొప్పగా చెప్పుకునేవాళ్లం. అడగాల్సిన అవసరమే ఉండేది కాదన్న సంగతి నాకు ఆ తెర ముందు తట్టింది. ఆ చెయ్యి దించితే మా తాత మీద ఎండ పడుతుంది అన్నట్టు, పోయిన మనిషిని నేను కాపాడుకోవాలన్నట్టు, పిచ్చి పౌరుషం ఒకటి వచ్చింది.

రెండు రోజులు మామూలుగా పనిచేశాను. మూడో రోజు ఆ ఫైలు మళ్లీ తెరిచాను.

వేలాడే చెయ్యి కోసం స్టూడియోలో ఉన్న ఫోటోలన్నీ వెతికాను. దొరకలేదు. ఇన్నేళ్లలో అక్కడ ఫోటో దిగిన మనుషుల్లో ఒక్కరూ చేతులు ఊరికే కిందికి వదిలి నిలబడలేదు. పెళ్లివాళ్లు ఒకరి భుజం మీద ఒకరు వేశారు. ఉద్యోగులు పూలకుండీ మీద ఆనించారు. చేలల్లో పనిచేసేవాళ్లంతా కెమెరా ముందు కూడా గుండెల మీద కట్టుకునే ఉన్నారు. చివరికి చొక్కా విప్పి నేనే గోడ ముందు నిలబడ్డాను. కుడివైపునుంచి దీపం పెట్టించి, చెయ్యి వదులుగా కిందికి వేలాడదీశాను. యజమాని ఫోటో తీశాడు.

నా చెయ్యిని నలుపు తెలుపులోకి మార్చి, రంగు ముదర చేసి, పాత ఫోటో గరుకుతనం కలిపాను. తుండు కింద భుజానికి అతికించాను. కీలు దగ్గర నీడ దిద్దాను. అతుకు ఎక్కడుందో నాకే కనిపించలేదు. అందరికంటే బాగా చేశానని గర్వపడ్డాను కూడా. అప్పటికీ గర్వమే.

రెండు ప్రింట్లు తెప్పించాను, ఎత్తిన చెయ్యిది ఒకటి, దించినది ఒకటి. తీసుకుని నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. మా ఇంటి మనిషి ఆ గడప దగ్గరికి పోవడం అదే మొదలు. నా నడుము నిటారుగానే ఉంది. కొడుకు మిషను దగ్గరికి పోయాడు. ముసలామె అరుగు మీద చాటలో రాగులు బాగుచేస్తోంది. నన్ను చూసి లేచి, లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసి, కొంగుతో తుడిచింది. నేను కూర్చున్నాను.

దించిన చెయ్యి పటం ఆమె ముందు పెట్టాను. ఆమె ముఖం విప్పారింది.

"మిషనుకు చేతనైందే" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. తర్వాత ఏదో తట్టినట్టు నావైపు చూసింది. "ఆ పొద్దు కాదంటివి గదా సామీ."

నేను రెండో పటం కూడా బయటికి తీశాను. ఆమె మళ్లీ అడగలేదు. పటం ఒళ్లో పెట్టుకుని, భుజం మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరిపింది. అతుకు దగ్గర వేలు ఆగలేదు. మోచేయి దాటింది. మణికట్టు దగ్గర ఆగింది. వేళ్ల మీద చాలాసేపు ఉండిపోయింది.

"ఇది ఆయన చెయ్యి కాదు."

"ఎట్ల చెప్తావవ్వా?"

"ఆయనకు ఈ వేలు వంకర. కొడవలి తగిలినాది." చూపుడు వేలు చూపించి, తర్వాత తలెత్తి, రెండో పటం అంచు పట్టుకున్న నా చేతివైపు చూసింది. నేను చెయ్యి తీసేసేలోపే చూసేసింది. "నీదా సామీ?"

అవునని తలాడించాను. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. నవ్వు వచ్చింది. చిన్న పిల్లవాడు చేసిన పనికి వచ్చే నవ్వు.

"మంచి చెయ్యే. పని తగల్లేదు, అంతే."

చాట పక్కకు జరిపి రెండో పటం అందుకుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. దించినదాన్ని జాగ్రత్తగా, రాగుల దుమ్ము అంటకుండా నా ఒళ్లో పెట్టింది.

"ఎత్తిందే ఉండనీ సామీ. ఎత్తినా దించినా ఆయన చెయ్యి ఆయనకుండల్ల గదా."

ఇంటికి వచ్చి ఆ రెండో పటాన్ని కాగితంలో చుట్టాను. మా తాత పటం మళ్లీ గోడకు తగిలించేటప్పుడు దాని వెనక దూర్చాను. మా అమ్మకు చెప్పలేదు. మా జీతగాడి భుజానికి అతుక్కున్న నా చెయ్యి, నేను చేసిన అన్నిటికంటే మంచి ఆకాశంలో, మా తాత వీపు వెనక గోడవైపు తిరిగి ఉంది. ఆ తర్వాత మా అమ్మ దుమ్ము తుడిచేటప్పుడల్లా గుడ్డ ఆ అంచు దగ్గర ఒక్క క్షణం ఆగడం చూశాను. అక్కడ ఒక మనిషి ఉన్నాడని ఆమెకు ఇప్పుడు తెలుసు.

ఎత్తిన చెయ్యి పటం మాత్రం ఏడాది దినం అయ్యాక వాళ్ల మిషను షెడ్డులోకి వచ్చింది. మోటారు పైన, లోపలికి వచ్చేవాళ్లకు ఎదురుగా, ఎత్తులో కట్టారు. రోజూ పూలదండ వేస్తారు. పెద్దాయన దీవిస్తున్నాడని కొడుకు అందరికీ చెబుతాడు, అందరూ నమ్ముతారు. కొందరు దండం కూడా పెడతారు.

మరుసటి ఏడు తొలకరికి మాకు మిగిలిన చేను చెక్కలో వేయడానికి విత్తనం ఒలిపించాలి. విత్తనాల కాయలు చేత్తోనే ఒలవాలి, మిషనులో గింజ పగిలిపోతుంది. మా తాత కాలంలో దానికి ఇరవైమంది ఆడవాళ్లు మా వాకిట్లో వరసగా కూర్చునేవాళ్లు. ఇప్పుడు పిలిస్తే వచ్చేవాళ్లు లేరు. పగిలినన్ని పగలనీ అనుకుని రెండు మూటలు సైకిలు వెనక కట్టుకుని ఆ షెడ్డుకే పోయాను. ముందు వచ్చినవాళ్లు పదిమంది ఉన్నారు. వరసలో నిలబడమన్నారు, నిలబడ్డాను. వరస జరుగుతూ జరుగుతూ నా వంతు వచ్చేసరికి నేను సరిగ్గా ఆ పటం కింద ఉన్నాను. రేకుల సందులోంచి ఎండ నేరుగా నా నెత్తిన పడుతోంది. తలెత్తి చూశాను. చుక్కల మధ్య కళ్లు చికిలించుకుని, పిడికిలి బిగించి, ఆయన నా తల మీదుగా చెయ్యి ఎత్తి పట్టుకునే ఉన్నాడు. గొడుగు లేదు. చెరిపింది నేనే.